ఆక్సలాటల్ చికిత్స డైరీ: తెగిన ముందు కాలు, మొప్ప మీద బూజు

రోజు 1, ఉదయం

రోగి: ఎదిగిన ఆడ ఆక్సలాటల్ (బల్లిలా కనిపించే సాలమాండర్ జాతి ఉభయచరం; బయటికి చాచిన మొప్పలతో నీళ్లలోనే బతుకుతుంది, తెగిన కాలు మళ్లీ పెంచుకుంటుంది), లూసిస్టిక్ రకం (తెల్లని ఒళ్లు, నల్లని కళ్లు), మూతి నుంచి తోక కొస దాకా 21 సెంటీమీటర్లు. ట్యాంకులో తోడున్న ఇంకో ఆక్సలాటల్ తిండి వేళ దీని కుడి ముందు కాలు అందుకుని లాగింది. మోచేతికీ మణికట్టుకీ నడుమ తెగిపోయింది. ఎడమ వైపున్న మూడు మొప్ప కొమ్మల్లో మధ్యదాని కొసన అర సెంటీమీటరు మేర తెల్లటి బూజు కూడా ఉంది. గాయం కొత్తది, బూజు పాతది. అంత బూజు కొన్ని గంటల్లో పెరగదు కాబట్టి కాలు తెగకముందే నీళ్లు బాగాలేవని అనుమానించాలి.

చేయి పెట్టకముందు పది నిమిషాలు ఊరికే చూడటం మంచిది. మొప్పలు ముందుకు ముడుచుకున్నాయా? నీటి ఒరవడి ఎక్కువైనా, నీళ్లు చెడినా అలా ముడుస్తుంది. తోక కొస కొక్కెంలా తిరిగిందా? అది ఒత్తిడికి గుర్తు. అడుగున ఆనుకుని ఉందా, తేలిపోతోందా? పొట్ట మీదా కాళ్ల మొదట్లోనూ ఎర్రటి చారలున్నాయా? ఒంటి మీది జిగురు పొరలుగా ఊడుతోందా? ఈ రోగికి మొప్పలు కాస్త ముందుకు వంగి ఉన్నాయి, తోక కొస తిరిగింది. ఎర్ర చారలు లేవు, తేలడం లేదు. అంటే ఇంట్లో చూసుకోగలిగిన స్థితే.

ఇంట్లో చూసుకోకూడని స్థితి ఏదో కూడా ముందే రాసిపెట్టుకోవాలి, తర్వాత కంగారులో గుర్తురాదు. నెత్తురు ఆగకపోవడం, పొట్ట చీలడం, ఒళ్లంతా నీరు పట్టినట్టు ఉబ్బడం, చర్మం కింద ఎర్రదనం పాకడం, తెగిన మొండి నల్లబడి ఆ నలుపు పైకి ఎక్కడం. వీటిలో ఏది కనిపించినా ఉభయచరాలను చూసే పశువైద్యుడి దగ్గరికే తీసుకెళ్లాలి. యాంటీబయోటిక్, మత్తుమందు ఆయన చేతిలోనివి. ఇంట్లో లవంగ నూనెతో మత్తివ్వడం లాంటి ప్రయోగాలు వద్దు.

మొండి దగ్గర నెత్తురు కొద్ది నిమిషాల్లోనే ఆగింది. చర్మం అంచున ఎముక కొస తెల్లగా కనిపిస్తోంది. దాన్ని కత్తిరించక్కర్లేదు, కట్టు కట్టక్కర్లేదు, పైపూత అసలే వద్దు. ఆక్సలాటల్ చర్మం పూసినదాన్నల్లా లోపలికి పీల్చేసుకుంటుంది. తెగినచోట అంచుల నుంచి చర్మకణాలు పాకుతూ వచ్చి ఒక రోజులోపే గాయాన్ని పలుచటి పొరతో మూసేస్తాయి. ఆ పొర చెదరకుండా చూడటమే మన పని.

నీటి లెక్క

110 లీటర్ల ట్యాంకు. మలం, మిగిలిన తిండి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది; ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఉష్ణోగ్రత 22.5 డిగ్రీలు, పీహెచ్ 7.6, అమ్మోనియా 0.5 పీపీఎం (పది లక్షల్లో పాళ్లు), నైట్రైట్ 0.25, నైట్రేట్ 40కీ 80కీ మధ్య. ఉండాల్సింది: 16 నుంచి 18 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 లోపు. ఆక్సలాటల్ సొంతిల్లు మెక్సికో నగరం దగ్గరి షోచిమిల్కో. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్న నీళ్లవి, చల్లగా ఉంటాయి. 24 దాటితే ఈ జీవికి తిండి సయించదు, వ్యాధినిరోధకత పడిపోతుంది, సరిగ్గా అప్పుడే బూజు అంటుకుంటుంది.

పరీక్షకు వాడింది ఏపీఐ కంపెనీ చుక్కల కిట్, నీటిలో రసాయనం చుక్కలు వేసి రంగు చూసేది. కాగితపు పట్టీలు వాడొద్దు; వాటిలో చాలా రకాలకు అమ్మోనియా గడే ఉండదు, మనకు ముందుగా కావాల్సిందే అది. చుక్కల కిట్‌లో తప్పు జరిగేది ఎక్కువగా నైట్రేట్ దగ్గర. రెండో సీసాలోని రసాయనం అడుగున గట్టిపడి ఉంటుంది. దాన్ని 30 సెకన్లు బలంగా ఊపాలి, చుక్కలు వేశాక గొట్టాన్ని ఇంకో నిమిషం ఊపాలి, ఆ తర్వాత ఐదు నిమిషాలు ఆగి రంగు చూడాలి. ఊపకుండా వేస్తే నైట్రేట్ 80 ఉన్నా 10 చూపిస్తుంది, నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని మనం మురిసిపోతాం.

అమ్మోనియా అంకెను ఒంటరిగా చదవకూడదు. నీటిలోని మొత్తం అమ్మోనియాలో విషం పాలు పీహెచ్‌ని బట్టీ వేడిని బట్టీ మారుతుంది. పీహెచ్ 7.5, 18 డిగ్రీల దగ్గర అది ఇంచుమించు ఒక శాతం. పీహెచ్ 8, 25 డిగ్రీల దగ్గర ఐదు శాతం దాటుతుంది. అంటే కిట్‌లో అదే 0.5 కనిపించినా, రెండో చోట దెబ్బ ఐదింతలు. నీటిని చల్లబరచడం అందుకే మొదటి మందు.

కారణం వెతికితే రెండు దొరికాయి. స్పాంజ్ ఫిల్టర్ పూడుకుపోయి గాలి బుడగలు ఒక పక్క నుంచే వస్తున్నాయి. దాక్కునే గొట్టం వెనక తినకుండా వదిలేసిన వానపాము ముక్కలు కుళ్లుతున్నాయి.

రోజు 1, మధ్యాహ్నం: టబ్బు

ఒకేలాంటి ప్లాస్టిక్ టబ్బులు రెండు కావాలి. ఆహారం నిల్వచేసే రకం, తొమ్మిది పది లీటర్లవి, లోతు కన్నా వెడల్పు ఎక్కువున్నవి. ఒకదానిలో రోగి ఉంటుంది, రెండోదానిలో మర్నాటి నీళ్లు అదే గదిలో అదే వేడికి వస్తూ ఉంటాయి. ఒక్క టబ్బుతో మొదలెడితే నీళ్లు మార్చేటప్పుడు రోగిని ఎక్కడ పెట్టాలో తెలియక, తొందరలో వేడి తేడా ఉన్న నీళ్లు పోస్తారు. మూతకు చిల్లులు పెట్టి తప్పకుండా మూయాలి, ఆక్సలాటల్ ఎగిరి బయటపడుతుంది. అడుగున ఇసుక, రాళ్లు ఏమీ వద్దు. దాక్కోవడానికి అంచులు నున్నగా ఉన్న గొట్టం ముక్క ఒకటి చాలు. గాలి పంపు పెట్టలేదు. వెడల్పు టబ్బులో ఒక్క జీవికి, రోజూ మార్చే చల్లని నీటికి పైనుంచి కరిగే ఆక్సిజన్ సరిపోతుంది. పంపు పెడితే బుడగల ఒరవడికి మొప్పలు మళ్లీ ముడుస్తాయి.

టబ్బులు కడగడానికి సబ్బు వాడకూడదు. వేడినీళ్లు, దానికోసమే విడిగా ఉంచిన స్పాంజి, తర్వాత పూర్తిగా ఆరబెట్టడం.

ఒక్కో టబ్బులో 6 లీటర్లు. కుళాయి నీళ్లలో క్లోరమైన్ కలిపే చోట నీటిని రాత్రంతా నిలవబెట్టినా లాభం లేదు. క్లోరిన్ ఎగిరిపోతుంది, క్లోరమైన్ పోదు. డీక్లోరినేటర్ (ఆ రెంటినీ విరిచే ద్రావణం) పడాల్సిందే, అందులో కలబంద లేకుండా చూసుకోవాలి. చేపల కోసం అమ్మేవాటిలో చర్మానికి మంచిదని కలబంద కలిపినవి ఉంటాయి, ఉభయచరాల చర్మానికి అవి పడవు. ఇక్కడ వాడింది సీకెమ్ ప్రైమ్. దాని కొలత 200 లీటర్లకు 5 మిల్లీలీటర్లు, అంటే 6 లీటర్లకు 0.15 మిల్లీలీటరు, మూడు చుక్కలు. సూది లేని 1 మిల్లీలీటరు సిరంజితో తీసుకుంటే అనుమానం ఉండదు.

రోగిని వలతో పట్టలేదు. వలలో వేళ్లూ మొప్ప పోగులూ చిక్కుకుని చీలతాయి. వెడల్పు మూతి ఉన్న డబ్బాను నీళ్లలోనే ముంచి, వెనక నుంచి తోకను తడిచేత్తో మెల్లగా తాకితే అదే ముందుకు నడిచి డబ్బాలోకి వెళుతుంది. నీళ్లతో సహా ఎత్తి టబ్బులోకి జారవిడవడమే.

చల్లబరచడంలోనే ఎక్కువమంది తొందరపడతారు. అర లీటరు గడ్డకట్టిన సీసాను 6 లీటర్ల టబ్బులో నేరుగా వేస్తే, అది పూర్తిగా కరిగేలోపు నీటిని ఆరు డిగ్రీలకు పైగా దించేస్తుంది. గాయపడ్డ జీవికి అదొక కొత్త దెబ్బ. అందుకని టబ్బును పెద్ద బేసిన్‌లో పెట్టి, బేసిన్‌లో టబ్బు మట్టానికి కాస్త తక్కువగా నీళ్లు పోసి, మంచు సీసాలు బేసిన్‌లో వేశాం. రెండు మూడు గంటలకు ఒక డిగ్రీ చొప్పున దిగింది. రాత్రికి 18.5, మర్నాడు ఉదయానికి 17. థర్మామీటర్ టబ్బులో ఉండాలి, బేసిన్‌లో కాదు.

చివరగా, టబ్బు మీద గుడ్డ కప్పి చీకటి చేయడం. ఆక్సలాటల్‌కు కనురెప్పలుండవు.

ఫ్రిజ్ గురించి రెండు మాటలు. జబ్బుపడ్డ ఆక్సలాటల్‌ను 5 నుంచి 8 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ చాలామంది మొదటి సలహాగా అదే చెబుతారు. చలికి బూజు నెమ్మదిస్తుంది, నిజమే. జీర్ణం, వ్యాధినిరోధకత, గాయం మానడం కూడా నెమ్మదిస్తాయి. తలుపు తీసి మూసే ఫ్రిజ్‌లో వేడి నిలకడగానూ ఉండదు. పశువైద్యుడు చెబితే తప్ప ఆ జోలికి పోనక్కర్లేదు. 16, 17 డిగ్రీల శుభ్రమైన నీళ్లు ఆ పని చేయగలిగినప్పుడు ఈ రోగికి ఫ్రిజ్ అనవసరం.

రోజు 1, సాయంత్రం: ఉప్పు స్నానం

ముందు ఒక తీర్మానం. ఉప్పు స్నానం బూజు కోసం, తెగిన కాలి కోసం కాదు. బూజు లేకపోతే ఈ అంకమే ఉండేది కాదు. శుభ్రమైన గాయానికి ఉప్పు పట్టించడం వల్ల ఒరిగేది లేదు, పైగా జిగురు పొర పోతుంది.

అది బూజేనని తేల్చుకోవాలి. సాప్రోలెగ్నియా అనే నీటి బూజు దూది పింజలా నీళ్లలోకి పోగులు చాచి ఉంటుంది, కదిలిస్తే ఊగుతుంది. కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కూడా తెల్లగానే కనిపిస్తుంది కానీ చర్మానికి అంటుకుని చదునుగా, బూడిదరంగు లేదా పసుపు ఛాయతో ఉంటుంది, వేడి నీళ్లలో గంటల్లో పాకుతుంది. దానికి ఉప్పును నమ్ముకుని రోజులు గడపకూడదు, యాంటీబయోటిక్ కావాలి. టార్చిని పక్క నుంచి వేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఈ రోగి మొప్ప మీద ఉన్నవి ఊగే పోగులే.

కొలత: లీటరుకు 10 గ్రాములు. రెండు లీటర్ల నీటికి 20 గ్రాములు, తూకం వేసి. లీటరుకు రెండు మూడు టీస్పూన్లని అందరూ చెప్పే లెక్క కూడా 10 నుంచి 15 గ్రాములకే వస్తుంది. కానీ సన్న ఉప్పు టీస్పూనుకు ఆరు గ్రాములు తూగితే గరుకు ఉప్పు అంత తూగదు. చెంచా లెక్కన మూడు పడితే 18 గ్రాములైపోవచ్చు. ఉప్పు అయోడిన్ లేనిది, గడ్డకట్టకుండా ఏ పొడీ కలపనిది. థైరాయిడ్ హార్మోన్ ఆక్సలాటల్‌ను నేల మీది సాలమాండర్‌గా మార్చేస్తుంది, అయోడిన్‌కు ఆ దారిలో పాత్ర ఉంది. పది నిమిషాల స్నానంలోని ఆ కాస్త అయోడిన్‌కే కాళ్లు నేల పడతాయని కాదు. శుభ్రమైన ఉప్పు దొరుకుతున్నప్పుడు కలిపినది వాడటం ఎందుకన్నదే మా మాట.

ఉప్పు ఎలా పనిచేస్తుందో తెలిస్తే సమయం ఎందుకు దాటకూడదో తెలుస్తుంది. కప్పల కణజాలాన్ని బతికించి ఉంచడానికి ప్రయోగశాలల్లో వాడే రింగర్ ద్రావణంలో లీటరుకు సుమారు 6.5 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఎందుకంటే వాటి ఒంట్లోని ఉప్పదనం అంతే. ఆక్సలాటల్‌ది కూడా ఆ దరిదాపుల్లోనే. 10 గ్రాముల నీళ్లు దానికన్నా ఉప్పన. పలుచటి బూజు పోగుల్లోంచి నీటిని గుంజేస్తాయి, అదే సమయంలో రోగి చర్మంలోంచీ మొప్పల్లోంచీ కూడా గుంజుతాయి. బూజు ముందు చస్తుంది, అంతే తేడా. పది నిమిషాలు చాలు. 15 దాటితే మొప్పల పోగులు కాలినట్టు అవుతాయి.

ఉప్పు పూర్తిగా కరిగాక, టబ్బు నీళ్లతో సమానమైన వేడికి వచ్చాకే రోగిని దింపాం. ఉప్పు నీరు బరువు కాబట్టి రోగి పైకి తేలుతుంది, కంగారు పడక్కర్లేదు. గడియారం చూస్తూ పక్కనే ఉండాలి. మెలికలు తిరిగినా, పైకి ఎగబాకినా సమయంతో పనిలేకుండా తీసేయాలి. ఈ రోగి ఏడో నిమిషంలో ఒకసారి తల విదిలించి సర్దుకుంది. పది నిమిషాలకు మామూలు నీళ్లున్న డబ్బాలో ఒక నిమిషం ఉంచి టబ్బులోకి మార్చాం.

బూజును పట్టకారుతో పీకలేదు. బూజు పోగులు మొప్ప పోగులకు చుట్టుకుని ఉంటాయి, దాన్ని లాగితే ఇదీ వస్తుంది. చనిపోయిన బూజు తనంతట అదే ఊడుతుంది, లేదా రోగి మొప్పలు విదిలించుకుని రాల్చేస్తుంది.

రోజు 2 నుంచి 4 వరకు

రోజుకు రెండు స్నానాలు, నడుమ 12 గంటల ఎడం. టబ్బు నీళ్లు రోజుకొకసారి పూర్తిగా మార్పు. సగం మార్చడం ఇక్కడ పనికిరాదు. టబ్బులో ఫిల్టర్ లేదు, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా లేదు. రెండో రోజు మార్చే ముందు పాత నీళ్లు పరీక్షిస్తే అమ్మోనియా 0.5 దాకా వచ్చింది. ప్రైమ్ అమ్మోనియాను కొంతకాలం విషం తగ్గేలా బంధిస్తుందని తయారీదారు మాట; అలా బంధించినదాన్ని కూడా ఈ కిట్ లెక్కలో కలిపే చూపిస్తుంది కాబట్టి అంకె చూసి భయపడక్కర్లేదు. అలాగని ఆ బంధం మీద ఒకటి రెండు రోజులకు మించి ఆధారపడకూడదు.

రెండో రోజు ఉదయం మొండి మీద గాజులాంటి పలుచటి పొర, దాని వెనక ఎర్రటి చుక్క. ఎముక కొస కనిపించడం లేదు. మొప్ప మీది బూజు బూడిదరంగుకు తిరిగి, పోగులు అంటుకుపోయి జిడ్డుగా ఉంది. చస్తున్న బూజు అలాగే ఉంటుంది. మూడో రోజు సాయంత్రం అది ఊడి టబ్బు అడుగున కనిపించింది. కింద మొప్ప కొమ్మ కొసన పోగులు లేవు, కానీ కొమ్మ గులాబీ రంగులోనే ఉంది. నాలుగో రోజు ఉదయం ఒక్క స్నానం చేయించి ఆపేశాం. ఇంకా రెండు రోజులు చేయిస్తే భరోసాగా ఉంటుందనిపిస్తుంది, అక్కడే చేయి ఆపుకోవాలి. బూజు పోయాక ఉప్పు కరిగించేది చర్మాన్నే.

ఉప్పు పడనివాటికి, మరీ చిన్నపిల్లలకు టీ స్నానం మెత్తన. పాలు, చక్కెర, సువాసన ఏదీ లేని నల్ల టీ సంచి ఒకటి 10 లీటర్లకు, డికాషన్ తీసి చల్లార్చి కలుపుతారు. అందులోని టానిన్లు చర్మాన్ని కొద్దిగా బిగిస్తాయి, బూజుకు పట్టు దొరకదు. నాటు బాదం ఎండుటాకు చేసేదీ అదే పని. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు మందు కూడా వాడతారు, చేపలకు రాసిన మోతాదులో సగం, టబ్బులో మాత్రమే. ట్యాంకులో పోస్తే ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా చస్తుంది, అతుకుల సిలికాన్ నీలమైపోతుంది. ఉప్పూ బ్లూ కలిపి వాడొద్దు. మాలకైట్ గ్రీన్, రాగి కలిసిన మందులు, ఫార్మలిన్, టీ ట్రీ నూనె ఉన్న మెలాఫిక్స్ లాంటివి చేపలకు ఎంత మంచివైనా ఇక్కడికి రాకూడదు.

ఈలోగా ట్యాంకులో

రోగికన్నా ట్యాంకుకే ఎక్కువ చికిత్స పట్టింది. స్పాంజిని ట్యాంకులోంచే తీసిన నీళ్ల బకెట్‌లో పిండాం. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా పోయి మళ్లీ సైక్లింగ్ (ఆ బ్యాక్టీరియాను కొత్తగా పెంచడం) మొదలుపెట్టాలి. నీళ్లు మొదటి రోజు సగం, మూడో రోజు సగం, ఆపైన మూడు రోజులకొకసారి పాతిక శాతం. ఒక్కసారే మొత్తం మారిస్తే తోడున్న రెండోదానికి దెబ్బ, దాన్నీ అదే నీళ్లలో ఉంచాం కదా.

బూజు వచ్చింది కాబట్టి ట్యాంకంతా బ్లీచ్‌తో కడగాలని చాలామందికి అనిపిస్తుంది. సాప్రోలెగ్నియా బీజాలు ఏ నీళ్లలోనైనా ఉంటాయి, ఆరోగ్యమైన చర్మం మీద అవి మొలకెత్తవు. బ్లీచ్ చేస్తే బూజు మూడు రోజులకు తిరిగొస్తుంది, ఫిల్టర్ బ్యాక్టీరియాకు మాత్రం వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ అమ్మోనియాయే.

ట్యాంకు అడుగున అక్కడక్కడా ఉన్న గులకరాళ్లు ఏరేశాం. ఆక్సలాటల్ నోరు తెరిచి నీళ్లతో సహా పీల్చుకుని తింటుంది, తలకన్నా చిన్నది ఏదైనా లోపలికి పోతుంది. సన్న ఇసుక పేగులోంచి బయటపడుతుంది, గులకరాయి పడదు. ఒక మిల్లీమీటరుకన్నా సన్నని ఇసుక, లేదంటే ఉత్త అడుగు, లేదంటే తలకన్నా పెద్ద రాళ్లు.

ఎనిమిదో రోజుకు అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20. వేడి 18. పైన చిన్న ఫ్యాను నీటి మట్టానికి వాలుగా గాలి విసిరేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి, నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. ఆవిరైన మేరకు పోసేది మార్పిడి కింద లెక్క కాదు, ఎందుకంటే లవణాలన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి.

తిండి

మొదటి రెండు రోజులు ఏమీ పెట్టలేదు. ఎదిగిన ఆక్సలాటల్ వారం తినకపోయినా ప్రమాదం లేదు, చెడిన నీళ్లు మాత్రం ఒక్క రోజులో ప్రమాదం. మూడో రోజు రెండు సెంటీమీటర్ల వానపాము ముక్క ఒకటి, మొద్దు కొసల ప్లాస్టిక్ పట్టకారుతో మూతి పక్కన మెల్లగా ఊపితే తల తిప్పి వదిలేసింది. నాలుగో రోజు తీసుకుంది. నోట్లోకి తోయడం, నోరు తెరిపించడం చేయకూడదు. దవడ మృదులాస్థి సున్నితం. అరగంటలో తినకపోతే తీసేయాలి, టబ్బులో మిగిలిన ముక్క ఆరు లీటర్లను రాత్రికి రాత్రే పాడుచేస్తుంది.

వానపాములు మందులు చల్లని నేలలోవే కావాలి. కంపోస్టు గుంతల్లో పెంచే ఎర్ర వానపాములు చేదు ద్రవం వదులుతాయి, ఆక్సలాటల్ ఉమ్మేస్తుంది. వాటిని మరిగిన నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి, చల్లనీళ్లలో కడిగి పెడితే తింటుంది. మాంసం ముక్కలు, గుండె ముక్కలు వద్దు, ఆ కొవ్వు దీనికి అరగదు. బతికిన చేపపిల్లలు పరాన్నజీవుల్ని తెస్తాయి.

ఎంత పెట్టాలో కొలిచేది పొట్ట. పైనుంచి చూసినప్పుడు పొట్ట వెడల్పు తల వెడల్పుతో సమానంగా ఉండాలి. వారానికొకసారి అదే ఎత్తు నుంచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తే కంటి అంచనాకన్నా నమ్మకం. రెండు రోజులకొక వానపాముతో రెండో వారం చివరికి పొట్ట తల వెడల్పుకు వచ్చింది. మలం మెత్తగా, ముద్దగా, గోధుమరంగులో ఉంది. తెల్లటి నురగతో నీళ్లలా వచ్చి ఉంటే పేగు వ్యాధి కోసం పరీక్ష చేయించాల్సి వచ్చేది.

రెండో వారం నుంచి: మొండి

పదో రోజు దాటాక మొండి కొస గుండ్రంగా ఉబ్బింది. చర్మం లేత బూడిదరంగు, లోపల ఎర్రటి జాడ. ఇదే బ్లాస్టీమా. గాయాన్ని మూసిన పొర కింద కండరం, మృదులాస్థి, చర్మం లోపలి పొరల నుంచి వచ్చిన కణాలు తమ పని వదిలి గుంపుకట్టి, కొత్త కాలికి కావాల్సిన సరుకుగా మారతాయి. మోచేతి కింద తెగితే మోచేతి కింది భాగమే పెరుగుతుంది, భుజం దగ్గర తెగితే మొత్తం చేయి. ఎక్కడి నుంచి పెరగాలో మొండిలోని కణాలకు తెలుసు.

ఈ దశలో బాగున్నదానికీ చెడినదానికీ రంగే గుర్తు. గులాబీ, లేత బూడిద, నునుపైన గుండ్రటి కొస: బాగు. కొసన దూది పోగులు: మళ్లీ ఉప్పు, ఈసారి రోజుకొకసారి. నలుపు, పైకి పాకే ఎరుపు: వైద్యుడు. ఎముక మళ్లీ బయటపడితే ఎక్కడో రాసుకుంటోందని, గొట్టం అంచు వేలితో తడిమి చూసుకోవాలి.

నీళ్లు 22కి పెంచితే కాలు త్వరగా పెరుగుతుంది, ఆ మాట నిజం. బూజూ బ్యాక్టీరియా కూడా త్వరగా పెరుగుతాయి. 17 దగ్గరే ఉంచాం. నాలుగైదు సెంటీమీటర్ల పిల్లలకు కొన్ని వారాల్లో కాలు పూర్తవుతుంది. ఇంత పెద్దదానికి రెండు మూడు నెలలు మామూలే, తొందర పెట్టే మందు లేదు.

కెంటకీ విశ్వవిద్యాలయంలోని ఆంబిస్టోమా జెనెటిక్ స్టాక్ సెంటర్ లాంటి చోట్ల ఆక్సలాటల్స్‌ను హోల్ట్‌ఫ్రెటర్ ద్రావణం అనే లవణాల నీటిని 40 శాతానికి పలుచన చేసి అందులో పెంచుతారు. అసలు ద్రావణంలో లీటరుకు 3.46 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.05 పొటాషియం క్లోరైడ్, 0.1 కాల్షియం క్లోరైడ్, 0.2 సోడియం బైకార్బొనేట్. 40 శాతమంటే ఉప్పు లీటరుకు 1.4 గ్రాముల లోపే. స్నానంలోని 10 గ్రాములకూ దీనికీ పోలిక లేదు. ఇది రోజంతా ఉండదగిన నీళ్లు, గాయంలోంచి లవణాలు కారిపోకుండా కాస్త ఆసరా. మెత్తటి నీళ్లు, అంటే లవణాలు తక్కువున్న నీళ్లున్న చోట ఇది పనికొస్తుంది. ఇక్కడ నీటి కాఠిన్యం సరిపడా ఉంది కాబట్టి కలపలేదు.

నాలుగో వారం తర్వాత

కొస చదునై తెడ్డులా తయారైంది. వేళ్లు వచ్చే క్రమం చూడదగ్గది. నాలుగు కాళ్ల జీవుల్లో చాలావాటికి చిటికెనవేలి వైపు నుంచి మొదలైతే, సాలమాండర్ జాతికి బొటనవేలి వైపున ఉన్న మొదటి రెండు వేళ్లు ముందు వస్తాయి. తెడ్డు అంచున ముందు ఒక గంటు, తర్వాత రెండోది. ముందు కాలికి నాలుగు వేళ్లే, ఐదోది రాలేదని వెతకొద్దు. వెనక కాలికి ఐదు. పెరుగుతున్న కాలిని మళ్లీ కొరికితే వేలు ఎక్కువ రావడం, రెండు వేళ్లు అతుక్కోవడం జరుగుతుంది. బతకడానికి దానివల్ల లోటు లేదు, కానీ రెంటినీ ఇప్పుడే కలపకపోవడానికి అసలు కారణం అదే.

మొప్ప కొమ్మ కొసన పొట్టి పోగులు వరుసగా వచ్చాయి, పక్క కొమ్మల కన్నా రంగు లేత.

ట్యాంకులోకి

తిరిగి పంపడానికి పెట్టుకున్న షరతులు: బూజు లేకుండా రెండు వారాలు, వరుసగా తిండి, మొప్పలు వెనక్కి తిరిగి ఉండటం, ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ వారం పాటు సున్నా. నాలుగూ కుదిరాక టబ్బు నీళ్లలో అరగంటకొకసారి ఒక లీటరు తీసి ట్యాంకు నీళ్లు పోస్తూ, వేడి తేడా ఒక డిగ్రీ లోపుకు వచ్చాక డబ్బాతోనే దింపాం.

నడుమ అడ్డు పెట్టాం. ప్లాస్టిక్ గ్రిడ్ పలక, కన్నాలు 3 మిల్లీమీటర్లు. పెద్ద కన్నాలుంటే వేళ్లు దూరతాయి, అవతలిది అందుకుంటుంది. అంచులను సిలికాన్ గొట్టం చీల్చి తొడిగి మొద్దు చేశాం. అడ్డు అద్దానికి రెండు పక్కలా బిగుతుగా ఉండాలి, కింద సందు ఉంటే చిన్న మూతి దూరుతుంది. ఫిల్టర్ ఒక గదిలోనే ఉంది కాబట్టి నీళ్లు రెండో గదిలోకి పారుతున్నాయో లేదో తెలుసుకోవాలి. రెండు గదుల్లోనూ విడివిడిగా అమ్మోనియా పరీక్షించాం, రెండూ సున్నా. రెండో గది ఎప్పుడైనా 0.25 చూపిస్తే అక్కడా ఒక చిన్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టాలి.

ఆక్సలాటల్స్ కొరుక్కునేది పగతో కాదు, చూపు మందం. మూతి దగ్గర ఏది కదిలినా పీల్చేస్తాయి. వానపాము వాసన నీళ్లలో ఉన్నప్పుడు పక్కదాని వేలు కూడా వానపామే. అందుకని ఇక అడ్డు తీసినా తిండి విడివిడిగానే, ఒక్కోదానికి పట్టకారుతో, రెండు మూలలా ఒకేసారి. పొడవు తేడా రెండు మూడు సెంటీమీటర్లు దాటితే అడ్డు శాశ్వతం.

ప్రస్తుత స్థితి: మూడు వేళ్లు విడిగా తెలుస్తున్నాయి, నాలుగోది గంటుగా ఉంది. కొత్త భాగం పాతదానికన్నా సన్నం, రంగు పారదర్శకం. నడిచేటప్పుడు దాన్ని నేలకు ఆనిస్తోంది. స్పాంజ్ పిండటం నెలకు రెండుసార్లకు మార్చాం, నైట్రేట్ పరీక్ష ప్రతి ఆదివారం, రెండో సీసా ఊపి.